పోషన్ కార్డుని పొగిడే ముందు

మా తమ్ముడు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు మావాడికి పోకెమాన్ కార్డుల పెట్టె తెచ్చాడు. ఇక్కడ నరసరావుపేటలో ఫ్యాన్సీ షాపుల్లో దొరికే బంగారు రంగు డూప్లికేట్లు కావు, అసలువి. ఎండలకి బయటకి పోలేక మావాడూ వాడి ఫ్రెండూ హాల్లో చాప వేసుకుని ఆడుతుంటే, కూరలు తరుగుతూ చూసి చూసి నాకూ ఆట వచ్చేసింది.

మొన్న ఓడిపోయేలా ఉన్న మావాడు 'పోషన్' అనే కార్డు వేసి గెలిచాడు. పోషన్ అంటే మందు. దెబ్బ తిన్న బొమ్మకి 30 పాయింట్ల దెబ్బ మానుస్తుంది. అది చూసి మా అత్తయ్య, "చూశారా, ఓర్చుకున్నోళ్ళదే గెలుపు" అన్నారు. అన్నది పిల్లలతో కాదండీ. గురజాల వైపు కాపురం నుంచి మూడోసారి వచ్చేసి మా ఇంట్లో ఉంటున్న మా పిన్ని కూతురు వినాలని. నాకు ఒళ్ళు మండింది. అసలు ఆ కార్డు ఓర్పు గురించి చెప్పేది అది కాదు.

లెక్క చూడండి. మన బొమ్మ ప్రాణం 120. ఎదుటివాడు దెబ్బకి 50 చొప్పున కొడితే మూడో దెబ్బకి పోతుంది. పోషన్ వేస్తే? 120కి 30 కలిపితే 150. మూడు యాభైలూ 150. మళ్ళీ మూడో దెబ్బకే పోతుంది! కార్డు దండగ. అదే 60 చొప్పున కొడితే రెండు దెబ్బలకి పోయేది మూడింటి దాకా నిలుస్తుంది. ఒకే దెబ్బకి 120 కొట్టాడా, పోషన్ వేసే అవకాశమే రాదు.

సరే, ఒక వంతు కలిసొచ్చిందనుకుందాం. ఆ వంతులో మనమేం చేశాం? ఈ ఆటలో వంతుకి ఒక కార్డు తీసుకోవచ్చు, ఒక ఎనర్జీ తగిలించుకోవచ్చు. మనకే కాదు, ఎదుటివాడికీ అంతే. మనం ఓర్చుకుంటున్నంతసేపూ వాడూ బలపడుతుంటాడు. మావాడు గెలిచింది మందు వేసినందుకు కాదు. ఆ వంతులో తన బొమ్మకి కావాల్సిన ఎనర్జీ తగిలించి ఎదురు కొట్టినందుకు. అత్తయ్యకి ఆ భాగం కనపడలేదు.

"ఇంకో ఏడాది ఓర్చుకోమ్మా" అని రెండుసార్లు పంపారు మా పిన్ని కూతుర్ని. ఆ రెండేళ్ళలో తన చేతికి ఏం వచ్చింది? బీఈడీ సర్టిఫికెట్లు అత్తగారి బీరువాలో ఉన్నాయి. గొలుసు బ్యాంకులో కుదువలో ఉంది. దెబ్బలు మాత్రం పెరిగాయి. మొదట్లో ఇంగ్లీషులో ఈ కార్డులు వచ్చిన 1999లో పోషన్ 20 మానిపేదట, ఇప్పుడు 30. అప్పటి చారిజార్డ్ 100 కొట్టేది. 2023లో వచ్చిన చారిజార్డ్ ఈఎక్స్ 180తో మొదలుపెట్టి, మనం ప్రైజు కార్డు తీసుకున్నకొద్దీ ఒక్కోదానికి ఇంకో 30 కలిపి కొడుతుంది. మందు పది పెరిగేలోపు దెబ్బ ఎక్కడికి పోయిందో చూడండి.

మా పల్నాడులో మగాళ్ళ పౌరుషాన్ని పొగుడుతాం, ఆడాళ్ళ ఓర్పుని పొగుడుతాం. కోడిపందెం దగ్గర మొదలై కారంపూడి యుద్ధం దాకా వెళ్ళిన కథని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. ఎవరి పౌరుషానికి ఎవరు ఓర్చుకోవాలో మాత్రం ఎవరూ అడగరు.

ఆ పెట్టెలోనే 'స్విచ్' అనే కార్డు ఉంది. దెబ్బలు తినే బొమ్మని వెనక బెంచీ మీదకి తెచ్చి, దాని చోట ఇంకోదాన్ని నిలబెట్టొచ్చు. ఎనర్జీ ఖర్చు లేదు. నన్నడిగితే నాలుగు పోషన్ల కన్నా ఒక్క స్విచ్ మేలు. దెబ్బ మానదు, కానీ కొత్త దెబ్బ పడకుండా నిలదొక్కుకునే వ్యవధి దొరుకుతుంది. పుట్టిల్లు ఆ బెంచీ కావాలి కదండీ! అయితే 'బాసెస్ ఆర్డర్స్' అని ఇంకో కార్డుందట. అది వేస్తే బెంచీ మీద ఉన్నదాన్ని మళ్ళీ ముందుకి లాగి కొట్టొచ్చు. మావాడు చెప్పగానే నాకు మా పెద్దమనుషులే గుర్తొచ్చారు.

వాళ్ళు ఆదివారం వస్తామని కబురు పెట్టారు. రానివ్వండి, టీ పెడతాను. సర్టిఫికెట్లు, గొలుసు తెచ్చి బల్ల మీద పెట్టాకే మాట్లాడదామని మా పిన్నితో చెప్పించాను. మావాడు తన కట్టలోంచి రెండు పోషన్లు తీసేసి స్విచ్‌లు పెట్టుకున్నాడు. అత్తయ్య రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.