పైపు కొనేటప్పుడు ముందు బెజ్జం చూడండి

పైపు గురించి తెలుగులో రాయడం కొంచెం వింతగా ఉంటుంది. మనవాళ్ళది చుట్ట. గురజాడ గిరీశం కాల్చేది కూడా చుట్టే. అందుకని ఇంట్లో ఉన్న మాటలతోనే రాస్తున్నాను. పొగాకు నింపేది గిన్నె. నోట్లో పెట్టుకునేది కాడ. పొగ వచ్చే దారి బెజ్జం. సూదికి ఉంటుందే, అదే మాట. అమ్మమ్మ ఫోన్‌లో చెప్పింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇక్కడ అమెరికాలో పైపు కొనేవాళ్ళు పేరుకీ మెరుపుకీ చాలా డబ్బు ఇస్తారు. బెజ్జాన్ని మాత్రం ఎవరూ చూడరు.

నేను పాత సామాన్ల దుకాణాల్లో పైపులు కొని, శుభ్రం చేసి, కావాలన్నవాళ్ళకి అమ్ముతాను. నేను కాల్చను. మా తాతయ్యది ప్రకాశం జిల్లా, పొగాకు రైతు. ఆకుని వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, వెలుతురుకి ఎత్తి చూస్తే చాలు, రకం చెప్పేసేవారట. చుట్టలు కూడా బాగా కాల్చేవారు. నోటి క్యాన్సర్‌తో పోయారు. అందుకే అమ్మకి నా పని ఇష్టం లేదు. "కాల్చనివాడివి, నీకెందుకురా ఆ బెజ్జం గోల?" అంటుంది. ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పైపులో కాల్చినా పొగాకు పొగాకే, క్యాన్సర్ తెస్తుంది. కొనేవాళ్ళకి ఆ మాట చెప్తాను. కానీ డబ్బు తీసుకుని పొగ రాని పైపు చేతిలో పెట్టడం మోసం. అది కూడా నా వల్ల కాదు.

ఇక చెక్క సంగతి. మంచి పైపులు ఎక్కువగా బ్రయర్‌తో చేస్తారు. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే ఒక పొద అది. పొద మొదట్లో, నేల లోపల, గట్టి బుడిపె ఒకటి ఊరుతుంది. దాన్ని కోసి, గంటల తరబడి నీళ్ళలో ఉడికించి, నెలల తరబడి ఆరబెడతారు. అంత వేడికి ఓర్చుకునే చెక్క మరొకటి దొరకడం కష్టం. అయితే నేలలో పెరిగేది కదా, లోపల గుంటలు ఉంటాయి. ఆ గుంటల్లో లప్పం పెట్టి, పైన ముదురు రంగు వేసేస్తారు. అవును, గోడలకి పెట్టే లప్పం లాంటిదే. లప్పం ఉంటే పైపు చెడ్డదేం కాదు, బాగానే కాలుతుంది. కానీ మచ్చలేని చెక్క ధర దానికి ఎందుకివ్వాలి? ఎండలో పెట్టి నెమ్మదిగా తిప్పండి. చుట్టూ చెక్క గీతలు కనిపిస్తూ, ఒక చిన్న చుక్క దగ్గర మాత్రం గీత ఆగిపోతే, అదే లప్పం.

బెజ్జం సంగతి ఇంకా ముఖ్యం. అది గిన్నె అడుగున, మధ్యలో తెరుచుకోవాలి. బరమా కొంచెం పైకి పోతే అడుగున పొగాకు కాలకుండా తడిసి మిగిలిపోతుంది. పక్కకి పోతే ఒక వైపే కాలి, అక్కడ చెక్క మాడుతుంది. పైపు శుభ్రం చేసే దూది తీగ ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళండి. కాడ చివర నుంచి దూర్చండి. తిన్నటి పైపులో అది అడ్డం లేకుండా గిన్నెలోకి రావాలి. దుకాణం వాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

కాడ, చెక్క కలిసే చోట సందు ఉండకూడదు. పాత కాడలు గట్టి రబ్బరువి, ఎండకి ఆకుపచ్చగా, గోధుమ రంగుగా మారతాయి. అది రుద్దితే పోతుంది, భయం లేదు. చెక్కలో పగులు ఉంటే మాత్రం వదిలేయండి.

మొదటి పైపు ఏది కొనాలి అని ఎవరైనా అడిగితే, బ్రయర్ వద్దంటాను. మిజోరీ రాష్ట్రంలో వాషింగ్టన్ అనే చిన్న ఊరు ఉంది, సెయింట్ లూయీస్‌కి 50 మైళ్ళు. అక్కడ హెన్రీ టిబ్బీ అనే డచ్చి వడ్రంగి 1869లో మొక్కజొన్న కండెలతో పైపులు చేయడం మొదలుపెట్టాడు. ఒక రైతు తెచ్చిన కండెని తరిమెన పట్టి చేశాడని చెప్తారు. తర్వాత కండె పైన ప్లాస్టర్ పూసే పద్ధతికి 1878లో పేటెంటు తీసుకున్నాడు. మిజోరీ మీర్‌షామ్ అనే ఆ కంపెనీ ఇప్పటికీ ఉంది. జనరల్ మెకార్థర్ ఫొటోల్లో కనిపించేది కూడా కండె పైపే. పది పదిహేను డాలర్లకి వస్తుంది, చల్లగా కాలుతుంది, కొత్తదైనా చేదు ఉండదు. చూడటానికి మాత్రం బొమ్మలా ఉంటుంది. అందుకే గొప్పకి కొనేవాళ్ళకి నచ్చదు.

గింజలు ఒలిచేశాక మిగిలేదాన్ని అమ్మమ్మ కండె అంటుంది, మా బాబాయి బెండు అంటాడు. మీ ఇంట్లో ఏమంటారో రాయండి.