మూడు పుస్తకాలలో ఒకే బిడ్డ

ఒక పసిబిడ్డ రెండు నెలలుగా బరువు పెరగలేదనుకుందాం. తూకం వేసిన అంగన్‌వాడీ కార్యకర్త ఆ సంగతి రాసుకొన్నది. తల్లి మరల గర్భవతియై పాలు మాన్పించినదని ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తకు తెలుసు. తట్టు టీకా తప్పినదని ఏ.ఎన్.ఎం. పుస్తకంలో ఉన్నది. ముగ్గురూ తమ పని చేసినవారే. కాని ఈ మూడు సంగతులు ఒకచోట చేరనంతవరకు బిడ్డకు పొంచివున్న అపాయం ఎవరికీ కనిపించదు. చిక్కిపోయిన బిడ్డకు తట్టు సోకితే ప్రాణాపాయం కలుగవచ్చు.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆరంభమైనప్పుడే పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు కలిసి అందాలని సంకల్పించారు. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. నెలకొకసారి జరిపే గ్రామ ఆరోగ్య, పోషకాహార దినం ఈ ముగ్గురినీ ఒకచోట చేరుస్తుంది. అయితే వారు రెండు వేర్వేరు శాఖలకు చెందినవారు. ఎవరి రిజిస్టరు వారిదే. టీకాలు ముగియగానే ఎవరి దారిన వారు వెళ్లిపోతే పని సగమే జరిగినట్లు. పుస్తకాలు పక్కపక్కన పరచి పేరుపేరునా సరిచూసుకొనే అరగంటలోనే తప్పిపోయిన బిడ్డ దొరుకుతుంది.

మాతా శిశు సంరక్షణ కార్డు మాత్రం తల్లి దగ్గరే ఉంటుంది. దానిని వెంట తెచ్చి, “మా బిడ్డ బరువు గీత ఎక్కడున్నది?” అని అడిగే తల్లి ఆ బృందంలో నాలుగవ మనిషి.