మొదటి పనికి వెళ్లేముందు అడగవలసిన ప్రశ్న

"అయ్యగారూ, మా చిన్నోడు హైదరాబాదులో గ్రాఫిక్ డిజైన్ చదువుతున్నాడు. రెండేళ్లు అయిపోయాయి. ఈ వేసవి సెలవుల్లో ఇంటికి రానంటున్నాడు. ఏదో ఆఫీసులో రెండు నెలలు పని నేర్చుకుంటాడట. జీతం ఇవ్వరట. గది అద్దె, తిండి ఖర్చు మేమే పంపాలట. జీతం లేని పని కూడా ఒక పనేనా? పంపమంటారా, వద్దనమంటారా?"

మన రెంజల్ ప్రాంతంలో ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. ఇలాంటి చదువులకు పిల్లలను పంపిన తలిదండ్రులు ఇప్పుడు ప్రతి మండలంలోనూ ఉన్నారు. కాబట్టి ఈ నెల దీని గురించి కలిసి ఆలోచిద్దాము.

ముందుగా ఈ చదువు దేనికి పనికివస్తుందో చూద్దాము. చాలామంది దీన్ని బొమ్మలు వేసుకునే చదువు అనుకుంటారు. మీ ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాను ఒకసారి చూడండి. దాని మీద రంగు గుర్తు ఒకటి ఉంటుంది. ఎరుపు ఉంటే అతి ప్రమాదకరమైన విషం. ఆ తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా ప్రమాదం తగ్గుతుంది. చదువురాని కూలీ కూడా రంగు చూసి జాగ్రత్తపడాలని దాన్ని అలా పెట్టారు. ఎవరికి ఏమి తెలియాలో, అది చూడగానే తెలిసేటట్టు చేయడమే ఈ విద్య. మన నిజామాబాదు పసుపు సంచి మీది అచ్చు, విత్తనాల ప్యాకెట్టు, పెండ్లి పత్రిక, బడి పుస్తకం, సెల్‌ఫోనులో మనం నొక్కే గుర్తు, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చొని ఆలోచించి తయారు చేసినవే. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఆర్ట్ పేరుతో దీన్ని నాలుగేళ్ల డిగ్రీగా నేర్పుతున్నారు.

ఇక పని నేర్చుకొనుట అనే మాట మన బోధన్ ప్రాంతానికి కొత్తది కాదు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఫిట్టరు పక్కన, వెల్డరు పక్కన నిలబడి చేతిపని నేర్చుకున్నవారు ఎన్నో ఇళ్లలో ఉన్నారు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. నెలజీతం ఆగిపోతే ఇంటికి ఏమవుతుందో చూసిన తండ్రి, జీతం లేని పని అనగానే భయపడడం సహజమే. ఆ భయాన్ని పిల్లలు తేలికగా తీసుకోకూడదు.

అయినా చేతివిద్య ఎలా వస్తుందో చరిత్ర చెబుతుంది. 1778లో హుగ్లీలో బెంగాలీ వ్యాకరణం ఒకటి అచ్చయింది. దానికి అక్షరాలు పోతపోయడంలో ఛార్లెస్ విల్కిన్స్ అనే ఇంగ్లీషు అధికారితో కలిసి పంచానన్ కర్మకార్ అనే కమ్మరి పనిచేశాడు. తరువాత అతడు విలియం కేరీ గారి శ్రీరాంపూరు ముద్రణాలయంలో చేరి, తన అల్లుడు మనోహర్‌ను పక్కన కూర్చోబెట్టుకొని ఆ పని నేర్పాడు. కేరీ గారి తెలుగు వ్యాకరణం 1814లో వెలువడింది శ్రీరాంపూరు నుండే. ఒకరి పక్కన ఒకరు కూర్చొని నేర్చుకున్న విద్య అది. నిర్గమకాండములో బెసలేలు, అహోలీయాబులను గురించి చదివినప్పుడు కూడా, వారికి పనితనంతో పాటు ఇతరులకు నేర్పే బుద్ధి ఇవ్వబడినట్టు చూస్తాము.

మన తెలుగువారిలో బాపు గారిని తీసుకోండి. 1933లో నరసాపురంలో పుట్టారు. 1945లో మద్రాసు నుండి "బాల" అనే పిల్లల పత్రిక మొదలైనప్పుడు ఆయన ఇంకా బడిపిల్లవాడే. అప్పటికే ఆయన బొమ్మలు అందులో అచ్చయ్యాయి. చదివింది న్యాయశాస్త్రం. 1955లో ఆ పట్టా పుచ్చుకొని, అదే ఏడు ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. జె. వాల్టర్ థామ్సన్ వంటి ప్రకటనల సంస్థలోనూ పనిచేశారు. దినపత్రికలో బొమ్మ రేపు ఇస్తానంటే కుదరదు. ప్రకటనలో నాకు నచ్చింది వేస్తానంటే కుదరదు. అలాంటి చోట్ల పనిచేసిన ఆ చేతిరాతే తరువాత కంప్యూటరు అక్షరాలుగా కూడా మారి, ఈనాటికీ శుభలేఖల మీద కనిపిస్తోంది. మొదటి పని చిన్నదైనా, దాన్ని పదిమంది చదువుతారన్న భయభక్తులే మనిషిని దిద్దుతాయి.

కాలేజీలో దొరకనిది పనిచోట ఏమి దొరుకుతుంది? కంప్యూటరు తెర మీద రంగులు వెలుగుతో ఏర్పడతాయి. అచ్చులో నాలుగు సిరాలతో ఏర్పడతాయి. తెర మీద మెరిసిన రంగు కాగితం మీద మబ్బుగా వస్తుంది. మొదటిసారి తన బొమ్మ అచ్చయి వచ్చినప్పుడే విద్యార్థికి ఇది బాగా అర్థమవుతుంది. కాగితాన్ని కోసేటప్పుడు అంచున తెల్లగీత పడకుండా చుట్టూ మూడు మిల్లీమీటర్లు ఎక్కువ రంగు ఉంచాలి. ఫోనులో వచ్చిన తెలుగును అచ్చుషాపులో వాడే అను ఫాంటులోకి మార్చినప్పుడు ఒక్కొక్కసారి వత్తులు తారుమారవుతాయి. పెండ్లి పత్రికలో పెండ్లికూతురి పేరుకు ఒక వత్తు పోతే అయిదు వందల కార్డులు మళ్లీ వేయాలి. ఆ నష్టం ఎవరిదో అప్పుడు తెలుస్తుంది. "ఇంకా బాగుండాలి" అని మాత్రమే చెప్పే ఖాతాదారుకు అసలు ఏమి కావాలో ఓపికగా అడిగి తెలుసుకోవడమూ అక్కడే వస్తుంది. ఈనాడు యంత్రమే క్షణంలో బొమ్మ గీసి ఇస్తోంది. కాబట్టి బొమ్మ గీయడం కంటే, ఏది తప్పో ఏది ఒప్పో చూడగల కన్ను ముఖ్యమైపోయింది. ఆ కన్ను దిద్దేవారు ఉంటేనే వస్తుంది.

అందుచేత, తల్లిదండ్రులారా, "ఎంత ఇస్తారు?" అన్నదానికి ముందు "నీ పనిని ఎవరు దిద్దుతారు?" అని మీ బిడ్డను అడగండి. జవాబుగా ఒక మనిషి పేరు రావాలి. ఆ మనిషి తానే పని తెలిసినవాడై, రోజూ కాకపోయినా వారానికోసారైనా పక్కన కూర్చొని తప్పు చూపించేవాడై ఉండాలి. అలాంటివాడు నిజామాబాదు అచ్చుషాపులో ఉంటే, హైదరాబాదులోని అద్దాల ఆఫీసు కంటే అదే మేలు. ఇంటి నుండి బస్సులో వెళ్లి రావచ్చు, గది అద్దె కూడా మిగులుతుంది.

అలాగని కూలి మాట వదలకూడదు. దిద్దేవారు లేక, రోజంతా ఫోటోల వెనుక రంగు చెరిపే పని మాత్రమే చేయించి, ఆ పనికి ఖాతాదారు దగ్గర డబ్బు తీసుకుంటూ, పిల్లవానికి ఏమీ ఇవ్వకపోతే అది నేర్పడం కాదు, వెట్టి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద తీసుకునేవారికి రాతపూర్వకమైన ఒప్పందం, స్టైపెండు ఉండాలి. సెలవుల్లో చేసే ఇంటర్న్‌షిప్‌లన్నీ ఆ చట్టం కిందికి రావు. కాబట్టి మనమే జాగ్రత్తపడాలి. ఎన్ని వారాలు, రోజుకు ఎన్ని గంటలు, భోజనం బస్సు ఖర్చులకు ఏమిస్తారు, చివర సర్టిఫికెట్ ఇస్తారా, చేసిన పనులను తన పోర్ట్‌ఫోలియోలో చూపుకోనిస్తారా, ఈ అయిదు సంగతులు ఒక కాగితం మీద రాయించుకోవాలి. అడిగితే కోపగించుకునే చోట చేరకపోవడమే మంచిది.

యౌవనులారా, మీతో కూడా ఒక మాట. ఇంటర్‌నెట్‌లో దొరికిన ఇంకొకరి బొమ్మను ఎత్తి మీ పేరు పెట్టుకోకండి. అది చట్టం దృష్టిలోనూ తప్పే, దేవుని దృష్టిలోనూ తప్పే. తప్పు దిద్దితే చిన్నబుచ్చుకోకండి. మీ ఇంటి నుండి వచ్చే ప్రతి వంద రూపాయల వెనుక ఒక రోజు ఎండ ఉన్నదని మరువకండి. వారానికి ఒకసారి ఈ వారం ఏమి నేర్చుకున్నారో ఇంటికి ఫోను చేసి చెప్పండి. రెండు వారాలు వరుసగా చెప్పడానికి ఏమీ లేకపోతే, ఆ చోటు గురించి మళ్లీ ఆలోచించవలసిందే.

చివరగా మన సంఘాలు. క్రిస్మస్ పోస్టరుకు, సువార్త సభల ఫ్లెక్సీకి, వార్షికోత్సవ పత్రికకు మన పిల్లలనే అడుగుతాము. "మనవాడే కదా" అని ఊరక చేయించుకుంటాము. టెంటు వేసినవానికి, మైకు పెట్టినవానికి లెక్కగట్టి ఇచ్చే కమిటీ, రెండు రాత్రులు మేల్కొన్న పిల్లవానికి కూడా లెక్కగట్టాలి. కొద్దిపాటి సొమ్మే కావచ్చు. కానుకగా చేస్తానని వాడే ముందుకొస్తే సంతోషం. ఆ మాట వాని నోట రావాలి గాని, కమిటీ నోట రాకూడదు. తన పనికి విలువ ఉన్నదని ఒక యువకుడు మొదటిసారి తెలుసుకునే చోటు సంఘమే అయితే, అంతకంటే మంచి ఆరంభం ఏముంటుంది?