కురుసురను చూడబోవు విద్యార్థులకు

పల్నాటి పిల్లలకు సముద్రము పుస్తకములలోని వస్తువు. అందుచేత మన విద్యార్థులు విజ్ఞానయాత్రకు విశాఖపట్టణము పోయినపుడు, రామకృష్ణా బీచి యొడ్డున నిలిపియున్న కురుసుర జలాంతర్గామిని చూచుటకే ముందుగ పరుగిడుదురు. ఈ విషయమున కొందరు తలిదండ్రులు మమ్ము నొక ప్రశ్న యడిగిరి: శాంతిని బోధించు మిషను పాఠశాల తన బాలబాలికలకు యుద్ధనౌకను చూపుట తగునా? ప్రశ్న సమంజసమైనదే. చూపవలసినదే యని మా యభిప్రాయము. అయితే సగము కథ చెప్పి యూరకుండరాదు.

కురుసుర సోవియట్ దేశమున నిర్మింపబడినది. 1969 డిసెంబరు 18వ తేదీన రీగా రేవులో భారత నౌకాదళమున చేరి, 1971 యుద్ధకాలమున అరేబియా సముద్రమున కాపు కాచి, 2001 ఫిబ్రవరిలో విరమించినది. 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. పొడవు 91 మీటర్లు. అందలి గొట్టములను, టార్పెడోలను, ఇరుకు పడకలను చూచి విద్యార్థి యబ్బురపడును. కాని దీని రూపమునకు మూలమెక్కడిదని యడుగువారు అరుదు. ఆ మూలము చాలవరకు జర్మనీలో నున్నది.

రెండవ ప్రపంచయుద్ధపు తొలినాళ్లలో జర్మను జలాంతర్గాములు నిజమునకు మునుగనేర్చిన యోడలే. డీజిలు యంత్రమునకు గాలి కావలెను. కనుక అవి యెక్కువకాలము నీటిపైననే నడచి, అవసరమైనపుడు మాత్రము మునిగి, బ్యాటరీల శక్తితో గంటకు ఏడెనిమిది నాటికల్ మైళ్లు పోగలిగెడివి. శత్రువుల విమానములును రాడారును వానిని నీటిపై పసిగట్టసాగెను. 1943 మే నెల యొక్కదానిలోనే 40కి పైగా నాశనమయ్యెను. అప్పుడు జర్మను నిర్మాతలు ఇరువదియొకటవ తరగతి యనబడు క్రొత్త జలాంతర్గామిని రూపొందించిరి. బ్యాటరీలను మూడింతలు చేసిరి. నీరు సులభముగ జారునట్లు దేహమును నునుపు చేసిరి. మునిగియుండగనే యంత్రమునకు గాలి పీల్చియిచ్చు శ్నార్కెల్ గొట్టము నమర్చిరి. నీటిలోపల దాని వేగము గంటకు 17 నాటికల్ మైళ్లు. అది నీటిపై వేగముకంటె నెక్కువ. ఎనిమిది ఖండములుగ వేర్వేరు చోట్ల చేయించి, రేవులలో నతికించిరి.

ఇట్టివి 118 నౌకాదళమున చేరెను. అందు యుద్ధయాత్రకు వెడలినవి రెండే. అవి ముంచిన యోడ యొక్కటియు లేదు. తొందరపాటు పనిలో ఖండములు సరిగ నతుకక, లోపములు దిద్దుటకే కాలము గడచినది. యూ-2511 అనునది 1945 మే మొదట సముద్రముపై నుండగా కాల్పుల విరమణాజ్ఞ వచ్చెను. తరువాత దాని యధిపతి ష్నే ఒక బ్రిటిషు క్రూయిజరును సమీపించి, గురిచూచి, టార్పెడో వదలక, వారి కంటబడకుండ మరలిపోయినట్లు చెప్పెను. అంత నేర్పునకు దక్కిన ఫలము ఆ యుత్తుత్తి గురియే. యుద్ధానంతరము ఈ జలాంతర్గాములు విజేతల పాలయ్యెను. సోవియట్ దేశమునకు నాలుగు వచ్చెను. వానినుండి నేర్చిన పాఠములు సోవియట్ నమూనాలలో చేరెను. ఆ వరుసలోనే తరువాత ఫాక్స్‌ట్రాట్ తరగతి పుట్టెను. కురుసుర ఆ తరగతిలోనిది.

ఇది సగము కథ. మిగిలిన సగము వినుడు. బ్రెమెన్ నగరమునకు చేరువనున్న ఫార్గె యను చోట, ఈ జలాంతర్గాముల నతికించుటకై వాలెంటిన్ అను గొప్ప కాంక్రీటు కట్టడమును 1943 నుండి 1945 వరకు కట్టించిరి. యుద్ధఖైదీలును, నిర్బంధశిబిరములవారును వేలకొలదిగ నచట వెట్టిచాకిరి చేసిరి. వేయిమందికి పైగా చనిపోయిరి. ఆ కట్టడమునుండి ఒక్క జలాంతర్గామియు వెలువడలేదు. ఇక ఆ యుద్ధమున జర్మను జలాంతర్గాములలో పనిచేసినవారు సుమారు 40,000. మరణించినవారు ఇంచుమించు 30,000. వారు ముంచిన వర్తకనౌకలు 2,500కు పైబడినవి. అట్టి నౌకలలో మన దేశపు లస్కరులును ఉండిరి.

అంత దూరము పోనక్కరలేదు. కురుసుర ప్రక్కన నిలిచి సముద్రమువైపు చూచినచో, ఆ నీటి యడుగున పాకిస్థాను జలాంతర్గామి ఘాజీ కలదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడుమ రాత్రి అది 90 మందికి పైగా నావికులతో మునిగెను. ఎట్లు మునిగెనో రెండు దేశములవారు రెండు విధముల చెప్పుదురు. పోయినవారి తల్లుల దుఃఖము మాత్రము ఒక్క విధమైనదే.

ఇదంతయు చెప్పినచో పిల్లల యుత్సాహము చల్లారునని కొందరందురు. మేమంగీకరింపము. కారెంపూడిలో వీరులకు ఏటేట ఉత్సవము జరుగుట మనమెల్లరమెరుగుదుము. పల్నాటి వీరుల కథ పాడువారు కత్తుల మెరుపును మాత్రమే పాడరు. బాలచంద్రుని చావును, మాంచాల శోకమును కూడ పాడుదురు. దాయాదుల పోరు ఇరువైపులను బూడిద చేసెనని పల్నాటి బిడ్డలు చిన్ననాడే విందురు. అంతమాత్రమున వారి ధైర్యము తరిగినదా? మన దుర్గి శిల్పి యులి పట్టినపుడు అతని చేతి నేర్పును మెచ్చుకొందుము. ఏ విగ్రహము చెక్కుచున్నావని కూడ అడుగుదుము. యంత్రమును చూచినపుడును ఆ రెండవ ప్రశ్న వేయనేర్చుటయే విద్య. దేశమును కాచిన నావికులను తక్కువచేయు తలంపు మాకు లేదు. వారి కష్టము తెలిసినవారే యుద్ధము మరల రాకూడదని గట్టిగ కోరుదురు.

కావున ఉపాధ్యాయులకు మా మనవి యొక్కటి: యాత్రకు ముందురోజున ఒక గంట ఈ కథ పూర్తిగ చెప్పుడు. విద్యార్థులారా, కురుసురను తలనుండి తోకవరకు శ్రద్ధగ చూడుడు, ప్రతి గొట్టము పని యేమో యడిగి తెలిసికొనుడు. బయటికి వచ్చిన పిమ్మట సముద్రమువైపు తిరిగి ఒక నిమిషము మౌనముగ నిలువుడు. ఆ నిమిషమున మనవారినే గాక, ఆ నీటిలో నిద్రించు పరదేశపు నావికులను కూడ తలచుకొనుడు. జనములు యుద్ధవిద్యను మాను దినమును కలగన్న యెషయా ప్రవక్త గ్రంథమును ప్రార్థనాసమయమున వినుచున్న మనకు అంతకంటె తగిన మర్యాద వేరొకటి లేదు.