నడక పట్నపోళ్ల సోకు కాదు

"వాకింగా? అది పట్నపోళ్ల సోకు. పల్లెటూరోళ్లం, మనకెందుకు?" గద్వాల జిల్లా అయిజలో ఈ వారం మళ్లీ ఇదే మాట విన్నాను. ఆ మాట అన్న పెద్దాయనకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఊరుకోబుద్ధి కాలేదు.

పల్లెటూరోళ్లమన్నది పేరుకే మిగిలింది. ఈ నడిగడ్డ ప్రాంతంలో మన తాతలు మోట కొట్టారు, గుంటక తోలారు. అవ్వలు ఇసుర్రాయి తిప్పారు, బిందెలకొద్దీ నీళ్లు మోశారు. వాళ్లకు వ్యాయామం విడిగా అక్కరలేకపోయింది. ఇప్పుడు దుక్కి ట్రాక్టరు దున్నుతోంది, పిండి గిర్నీ పడుతోంది, నీళ్లు నల్లా తెస్తోంది. బోరు మోటరు సెల్‌ఫోన్ నొక్కితే తిరుగుతోంది. చేనుదాకా బైకే, కిరాణా కొట్టుదాకా బైకే. జొన్నరొట్టె తగ్గి తెల్లన్నం పెరిగింది.

కాలం మారిన సంగతి ఒంటికి తెలియదు. కండరం కదిలితే రక్తంలోని చక్కెర ఎక్కువగా ఖర్చవుతుంది. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్లకన్నా, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని జెర్రీ మోరిస్ అనే పరిశోధకుడు 1953లోనే చూపించాడు. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగంమందికి చాలినంత శారీరక శ్రమ లేదని, ఆడవాళ్లలో అది 57 శాతమని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో రాసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడుగుతున్నది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు వడిగా నడిస్తే సరిపోతుంది.

అయితే చాకిరీ లోకంలోంచి మాయం కాలేదు. మన ఒంటిమీంచి దిగి కూలోళ్ల నడుములమీద కూర్చుంది. విత్తనాల కోసం పెంచే సీడ్ పత్తి చేలల్లో చూడండి. సాయంత్రం ఒక్కో ఆడ మొగ్గను గోటితో చీల్చి కేసరాలు తీసేస్తారు. తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. మొగ్గ మొగ్గకూ వంగాలి, ఎండలో సాలు సాలూ తిరగాలి. ఆ అక్కలకు వాకింగ్ చెయ్యమని చెప్పడం అన్యాయం. వాళ్లకు కావలసింది విశ్రాంతి, కడుపునిండా తిండి, కష్టానికి తగిన కూలి. గట్టుమీద బైకు ఆపుకుని చూసే ఆసామి, మన పెద్దాయన, నాలాంటి కుర్చీ ఉద్యోగులు, నడవాల్సింది వీళ్లే.

సరే, నడవడానికి చోటేది? గద్వాల రోడ్డున లారీల పక్కన నడవాలా? మగవాళ్లు ఎలాగో సర్దుకుంటారు. చీకటి పడ్డాక ఆడపిల్ల ఎక్కడ నడుస్తుంది? 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెడతామని సర్కారు అంది. బోర్డు పాతినంత మాత్రాన మైదానం అవుతుందా? బళ్లలో ఆటల పీరియడ్ లెక్కల సార్ పట్టుకుపోతున్నాడు. పదేళ్ల పిల్లవాడిని కుర్చీకి కట్టేసి, యాభై ఏళ్లకు నడవమంటున్నాం.

సర్కారు బడి మైదానాలను పొద్దునా సాయంత్రం ఊరికి తెరవాలి. దీపాలు పెట్టాలి. ఆడవాళ్లు ధైర్యంగా వచ్చేలా కాపలా ఉంచాలి. ఇవి మున్సిపాలిటీ చెయ్యగలిగిన పనులే. కానీ నడిచేవాళ్లు నలుగురు కనబడకపోతే ఏ అధికారీ కదలడు. కనుక పెద్దాయనా, సోకన్న మాట మానెయ్యి. రేపటినుంచి చేనుదాకా నడిచే వెళ్లు.