సంతకానికి ముందు నాలుగు మాటలు అడగాలె



క్యాంపుల్లో ఎవరికైనా యాంజియో రాసిండ్రంటే చాలు, "గుండె ఆపరేషనట, ఇగ వీణ్ణి కంపెనీ ఇంటికి పంపుతది" అంటం. ఆ భయంతోనే మనోళ్లు ఛాతి నొప్పిని గ్యాస్ గోలీతో దాచిపెడుతున్నరు.

యాంజియోగ్రామ్ వేరు, స్టెంట్ వేరు. యాంజియోగ్రామ్ పరీక్ష మాత్రమే. మణికట్టు దగ్గరనో, గజ్జలోనో మత్తు సూది ఇచ్చి, సన్న గొట్టాన్ని రక్తనాళంలో నుంచి గుండె దాకా పంపి, మందు వదిలి ఎక్స్‌రేలో చూస్తరు. ఛాతి కొయ్యరు. మనిషి మెలకువతోనే ఉంటడు. అడ్డం ఎక్కువుంటే బెలూన్‌తో తెరిచి జాలీ లాంటి స్టెంట్ పెడతరు.

ఇంకో రకం మనోళ్లున్నరు. స్టెంట్ పడంగనే "ఇంజన్ కొత్తదైంది" అని గోలీలు బంద్ పెట్టి సిగరెట్ ముట్టిస్తరు. బిల్డింగులో ఒక్క జాగల పైపు బ్లాక్ తీస్తే లైనంతా కొత్తదైతదా? డాక్టరును అడగకుండా గోలీలు ఆపితే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టొచ్చు. సెలవుకు ఇంటికి పోయినా గోలీలు మరవొద్దు.

గుండెపోటు వచ్చినప్పుడు స్టెంట్ ప్రాణం నిలబెడుతది, అక్కడ ఆలోచన పనికిరాదు. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే నొప్పి వేరే సంగతి. అట్లాంటి 2,287 మంది మీద అమెరికా, కెనడాల్లో చేసిన పరిశోధన 2007లో బయటికొచ్చింది. మంచి మందులకు తోడు స్టెంట్ వేసినా, ఒట్టి మందులే ఇచ్చినా చావుల్లో, గుండెపోటుల్లో తేడా కనబడలేదు. స్టెంట్‌తో నొప్పి మాత్రం మొదట్లో కొంత ఎక్కువ తగ్గింది. అంటే అడిగి తెలుసుకునే టైం ఉంటదన్నట్టు.

డ్రాయింగ్ చూడకుండా సైటుల కాంక్రీట్ పోయనియ్యం. మరి మన గుండె కాగితం మీద చూడకుండా సంతకం ఎందుకు? ఇది పరీక్షేనా, స్టెంట్ కూడా ఇప్పుడే వేస్తరా? మందులతో చూడొచ్చా? గోలీలు ఎన్ని నెలలు? బరువు పని ఎప్పటి నుంచి? ఇవి అడగాలె. భాష రాకుంటే హిందీ తెలిసిన నర్సును పిలవమనాలె.

తోటి సూపర్‌వైజర్లకు ఒక మాట. ఛాతి నొప్పి అన్నోణ్ణి "నాటకం" అని ఎండల నిలబెట్టుడు తగదు. సౌదీలో 997, దుబాయ్‌లో 998 అంబులెన్స్ నంబర్లు. ఈరోజే ఫోన్‌లో పెట్టుకోండి, రూములో అందరికీ చెప్పండి.