ఆఖరి వరుసలో ఏడ్చేవారు



బెంగళూరులో ఉద్యోగం చేసే మా సంఘపు అమ్మాయి ఒక లావుపాటి నవల నా చేతిలో పెట్టి, "పాస్టర్ గారూ, ఇందులో రాణి ఇంకో స్త్రీని ప్రేమిస్తుంది. అయినా చదువుతారా?" అని అడిగింది. ఆ "అయినా"లో ఉన్న భయం నాకు అర్థమైంది. చదువుతానన్నాను. నిజం చెప్పాలంటే నిద్ర మానుకుని మరీ చదివాను.

ఆ నవల బ్రిటిష్ రచయిత్రి సమంతా షానన్ రాసిన 'ది ప్రయరీ ఆఫ్ ది ఆరెంజ్ ట్రీ'. 2019లో వచ్చింది. 800 పేజీలు దాటుతుంది. మొదట్లో పేర్లూ రాజ్యాలూ తికమక పెడతాయి, ఓపిక పట్టండి. తూర్పున జల ఘటసర్పాలను దేవుళ్లుగా కొలుస్తారు, పడమట ఏ ఘటసర్పమైనా సాతానే. ఒకరి కంటికి ఒకరు మతభ్రష్టులు. కానీ పాతాళంలో బంధించిన నిప్పుల ఘటసర్పం మేలుకుంటే ఇద్దరికీ చావే.

ఈ కథకు మూలం సెయింట్ జార్జ్ గాథ. చెన్నై కోటకున్నది ఆయన పేరే. మధ్యయుగపు గాథలో ఆ వీరుడు రాజకుమార్తెను కాపాడి, ఊరంతా బాప్తిస్మం పొందితేనే ఘటసర్పాన్ని చంపుతానంటాడు. షానన్ ఈ కథను తిరగేసింది. గాలియన్ అనే సంతుడే గెలిచాడని ఇనిస్ రాజ్యం నమ్ముతుంది. కత్తి పట్టి గెలిచింది రాజకుమార్తె క్లియోలిండ్ అని దక్షిణాది సహోదరీల మఠం గుర్తుంచుకుంది. గెలుపు ఒకరిది, గుడి మరొకరికి! అణగారిన ప్రజల చరిత్ర తెలిసినవారికి ఇది వింత కాదు.

గాలియన్ వంశం నిలిచినంత కాలం ఘటసర్పం లేవదని ఇనిస్ నమ్మకం. కాబట్టి రాణి సాబ్రన్ కూతురిని కని తీరాలి. ఆమె గర్భం రాజ్య వ్యవహారమైపోయింది. "విశేషం ఏమైనా ఉందా?" అని కోడళ్లను ఆరాతీసే మన ఇళ్లలో ఆమె బాధ అర్థంకానిది కాదు. ఆమెను కాపాడడానికి రహస్యంగా వచ్చిన ఈయడ్‌కూ ఆమెకూ మధ్య ప్రేమ మెల్లగా పుడుతుంది. ఆ లోకంలో ఇద్దరు స్త్రీల ప్రేమను ఎవరూ పాపమనరు. అడ్డొచ్చేవి అంతస్తు, మతం, వారసత్వం. అందుకే చదువుతున్నంత సేపూ వాదన వినబడదు, మనుషులే కనబడతారు.

అయితే నన్ను పట్టుకున్నది నిక్లేస్ అనే ముసలి రసవాది. మంచివాడేమీ కాదు. తాగుతాడు, స్వార్థం కోసం ఒక అమ్మాయిని బెదిరిస్తాడు కూడా. అతను ప్రాణంగా ప్రేమించిన జానార్ట్ చనిపోయాడు. జానార్ట్ పెళ్లయినవాడు, పెద్ద వంశంవాడు. కాబట్టి ఆ ప్రేమ బయటికి చెప్పుకోలేనిది, ఆ దుఃఖమూ అంతే. దేశం వెలివేసిన ఒంటరితనంలో అది కుళ్లి చేదైపోయింది.

అక్కడ పుస్తకం మూశాను. పదిహేనేళ్లుగా ఎన్నో భూస్థాపన కూడికలు జరిపించాను. ముందు వరుసలోని భార్య, పిల్లలు, తోబుట్టువుల కోసం పేరుపేరునా ప్రార్థించాను. ఆఖరి వరుసలో "స్నేహితుడు" అన్న మాటతో సరిపెట్టుకుని ఏడుపు దిగమింగినవారు ఉన్నారేమో నేనెప్పుడైనా చూశానా? చూడలేదు. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. దుఃఖించేవారిని ఓదార్చడమే కాపరి పని. ఎవరి దుఃఖం చెల్లుతుందో తేల్చే పని ఎవరూ మాకు అప్పగించలేదు.

నవలలో లోపాలు లేకపోలేదు. అన్ని పేజీలు నడిపించి, ఆఖరి యుద్ధాన్ని హడావిడిగా ముగించింది. అయినా చదివిన సంతోషం తగ్గలేదు.

తల్లిదండ్రులారా, పిల్లల చేతిలో ఇలాంటి పుస్తకం కనబడితే లాక్కోకండి. వాళ్లు చదవడం అయ్యాక మీకిమ్మని అడగండి. యౌవనస్థులారా, దాచుకుని చదవకండి, మాతో మాట్లాడండి. వినడం మేమూ నేర్చుకుంటాం.